మెయిన్ ఆపాక కూడా టెస్టర్ పెట్టండి

హాల్లో ఫ్యాను తిరగడం లేదు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు. "పొలంలో మోటారు దగ్గరున్నా బాబాయ్, రేపు పొద్దున్నే వస్తా" అన్నాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు, అతనికీ తెలుసు. మిర్చి కోతల రోజుల్లో పర్చూరులోగానీ, ఇంకొల్లు, మార్టూరుల్లోగానీ పిలవగానే వచ్చే ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లు ఉక్కకి అల్లాడుతున్నారు. అప్పుడు మీరేం చేస్తారు? స్టూలు వేసుకుని ఎక్కుతారు.

ఎక్కండి, తప్పులేదు. ఫ్యాను కండెన్సరు మార్చడం, స్విచ్ మార్చడం, ప్లగ్గు బిగించడం పదో తరగతి చదివిన ఎవరైనా నేర్చుకోగల పనులే. ఆడవాళ్లు కూడా నిక్షేపంగా చేసుకోవచ్చు. కానీ ఎక్కే ముందు ఏ పని మీ చేతిది, ఏది కాదు అన్నది తేల్చుకోండి.

ఈ హద్దు నేను పెడుతున్నది కాదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ నిబంధన పెట్టింది. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు, ఇంట్లో వాడే సామాన్లు పాతవి తీసి అదే సామర్థ్యం ఉన్నవి పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని అందులో ఉంది. అంతకు మించి కొత్త లైను లాగాలన్నా, ఉన్న వైరింగును పెంచాలన్నా, మార్చాలన్నా లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. తర్వాత సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఇదే దారిలో నడిచాయి. కాబట్టి స్విచ్, సాకెట్టు, హోల్డరు, రెగ్యులేటరు, ట్యూబులైటు, ప్లగ్గు, ఫ్యూజు తీగ మీవి. ఏసీకి కొత్త లైను, గీజరు లైను, మోటారు స్టార్టరు, కొత్త ఎర్తు గుంత ఎలక్ట్రీషియన్‌వి. మీటరు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు కరెంటాఫీసువి. వాటి జోలికి ఇద్దరూ వెళ్లకూడదు.

చేయి పెట్టే ముందు

ఈ ఆరింటినీ ముందు ఒకసారి పూర్తిగా చదివి, తర్వాత చేయండి. ఐదు నిమిషాలు పట్టదు.

1. స్విచ్ ఆపితే చాలదు, ఆ గదికి వెళ్లే ఎంసీబీ దించండి. ఏది ఏ గదిదో తెలియకపోతే మెయినే దించండి. "స్విచ్ ఆపాను కదండీ, మళ్లీ మెయిన్ ఎందుకు?" అంటారా? పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్‌ని ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టేసి ఉంటారు. అలాంటిచోట స్విచ్ ఆపితే బల్బు ఆరుతుంది గానీ హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. ఫ్యూజు పోయిన బల్బు తీస్తూ షాక్ తిన్నవాళ్లలో స్విచ్ ఆపినవాళ్లూ ఉంటారు.

2. ఇన్వర్టరు ఉందా? మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీ మీద అందుకుంటుంది. మెయిన్ ఆపినా మీరు విప్పుతున్న బోర్డులో 230 వోల్టులూ ఉంటాయి. మెయిన్ ఆపి, ఇన్వర్టరు కూడా ఆపండి. డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్లు పగటిపూట ఆ పలకల నుంచి దిగే వైర్లను అసలు ముట్టుకోవద్దు. మెయిన్ ఆపినా వాటిలో కరెంటు ఆగదు.

3. ఇంట్లో అందరికీ చెప్పండి. ఎంసీబీ పెట్టె మీద "వేయొద్దు, పని జరుగుతోంది" అని కాగితం అంటించండి. బడి నుంచి వచ్చిన పిల్లవాడు టీవీ రావడం లేదని చూసి "ఎవరో ఆపేశారు నాన్నమ్మా" అంటూ మెయిన్ ఎత్తేస్తాడు. వాడి తప్పేముంది? వాడికి చెప్పలేదు కదా.

4. ఇప్పుడు టెస్టర్. మెయిన్ దించక ముందే, కరెంటు ఉందని తెలిసిన సాకెట్టులో పెట్టి టెస్టర్ వెలుగుతోందో లేదో చూసుకోవాలి. తర్వాత మెయిన్ దించి, మీరు విప్పబోయే చోట ప్రతి వైరుకీ పెట్టి చూడాలి. పని అయ్యాక మెయిన్ ఎత్తి మళ్లీ ఆ సాకెట్టులో చూడాలి. టెస్టర్ చెడిపోతే వెలగదు, కరెంటు లేకపోయినా వెలగదు. ఆ రెండింటికీ తేడా తెలిసేది ఇలా చూసుకుంటేనే.

5. చేతులు తడి లేకుండా తుడుచుకోండి. కాళ్లకు రబ్బరు చెప్పులు, కింద చెక్క స్టూలు. ఇనుప నిచ్చెన వద్దు. చేతి ఉంగరం, మణికట్టు గొలుసు తీసి పక్కన పెట్టండి.

6. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చేయండి. మెయిన్ ఎక్కడుందో వాళ్లకి ముందే చూపించండి.

టెస్టర్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. లైట్లు, ఫ్యాన్లు ఏవీ పనిచేయడం లేదు, కానీ సాకెట్టు రెండు బొక్కల్లోనూ టెస్టర్ వెలుగుతోంది. ఇదేమిటి? సాధారణంగా న్యూట్రల్ ఎక్కడో తెగిందని అర్థం. ఆన్‌లో ఉన్న బల్బు గుండా ఫేజు తిరిగొచ్చి న్యూట్రల్ బొక్కలో కనిపిస్తోంది. ఇది మీ చేతి పని కాదు, మెయిన్ దించేసి కబురు పెట్టండి. అలాగే ఒక సాయంత్రం వీధిలో కొన్ని ఇళ్లలో బల్బులు ధగధగ మెరుస్తూ, కొన్ని ఇళ్లలో మినుకుమినుకుమంటుంటే స్తంభం దగ్గర న్యూట్రల్ పోయిందని అనుమానించండి. అలాంటప్పుడు కొన్ని ఇళ్లలోకి 230కి బదులు 300 దాటి కూడా వోల్టేజీ రావచ్చు. ఫ్రిజ్, టీవీ కాలిపోవడానికి క్షణాలు చాలు. ముందు మెయిన్ దించి, తర్వాత 1912కి ఫోన్ చేయండి.

ఇక ఫ్యాను

ఫ్యాను తిరగడం లేదన్నారు కదా. స్విచ్ వేసి చెవి పెట్టి వినండి. గుయ్‌మని సన్నగా శబ్దం వస్తోందా? స్విచ్ వేసి ఉంచి, చీపురు పుల్లల కట్టతో రెక్కను మెల్లగా తోసి చూడండి. తోసిన వైపుకి నెమ్మదిగా తిరగడం మొదలైతే కండెన్సరు పోయింది. దుకాణంలో దీన్నే కెపాసిటర్ అంటారు. పదికి ఏడెనిమిది సార్లు ఫ్యాను జబ్బు ఇదే అని అనుభవజ్ఞులు చెబుతారు. శబ్దమే లేకపోతే స్విచ్, రెగ్యులేటరు, పైన కనెక్టరు, ఈ మూడూ చూడాలి. శబ్దం ఉండి, తోసినా తిరగక బిగుసుకుపోయి ఉంటే బేరింగులు. ఫ్యానును దించి దుకాణానికి పంపండి.

కండెన్సరు ఎక్కడుంటుంది? ఫ్యాను రాడ్డు చుట్టూ ఉన్న గిన్నె లాంటి మూత జారిస్తే కనిపిస్తుంది. నల్లగానో తెల్లగానో చిన్న డబ్బా, దాంట్లోంచి రెండు వైర్లు. మామూలు సీలింగ్ ఫ్యానుల్లో ఎక్కువగా 2.5 మైక్రోఫ్యారడ్, 440 వోల్టులు అని రాసి ఉంటుంది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే తెచ్చుకోండి. ఫ్యాను ఇంకా వేగంగా తిరగాలని పెద్దది వేస్తే వైండింగ్ వేడెక్కి కాలుతుంది. పాతదాన్ని విప్పే ముందు దాని రెండు వైర్ల కొసలనీ ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి కలిపి వదలండి. మెయిన్ ఆపాక కూడా అందులో కొంచెం కరెంటు నిలవ ఉండొచ్చు. దాని దెబ్బ పెద్దది కాకపోయినా ఉలిక్కిపడి స్టూలు మీద నుంచి పడితే నడుము విరుగుతుంది.

ఏ వైరు ఎక్కడుందో విప్పకముందే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రెండు వైర్లలో ఏది ఎటు వేసినా కండెన్సరుకి ఫరవాలేదు. కానీ పక్కనున్న మిగతా వైర్లు కదిపితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, కనెక్టరులో పెట్టి స్క్రూ బిగించండి. బిగించాక ఒక్కో వైరునూ లాగి చూడండి. కదిలితే బిగలేదన్నమాట.

వదులు బిగింపు గురించి ఇంకో మాట చెప్పాలి. ఇంట్లో వైర్లు కాలడానికి షార్ట్ సర్క్యూట్ ఒక్కటే కారణమనుకుంటాం. వదులైన స్క్రూ దగ్గర వైరు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, చేప కుళ్లిన వాసనో, ప్లాస్టిక్ మాడిన వాసనో వస్తుంది. అక్కడ ప్రవహించే కరెంటు మామూలుదే కాబట్టి ఎంసీబీ పడిపోదు. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టే సాకెట్టు, నీళ్లు కాచే సాకెట్టు ఈరోజే ఒకసారి చూడండి. బొక్కల చుట్టూ రంగు మారిందా? మారితే దాన్ని వాడకుండా ఆపి, మార్చండి.

ప్లగ్గు బిగించడంలో ఒక ఉచ్చు

మూడు పిన్నుల ప్లగ్గు విప్పితే లోపల ఎల్, ఎన్, ఎర్తు అని గుర్తులుంటాయి. పెద్ద పిన్ను ఎర్తుది. ఇక్కడ చాలామంది పొరబడేది నీలం రంగు దగ్గర. గోడల్లో లాగిన ఇంటి వైరింగులో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. కానీ మిక్సీకో కూలరుకో వచ్చే కార్డులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తు. అంటే బోర్డులో నీలం కనిపిస్తే అందులో కరెంటు ఉండొచ్చు, కార్డులో నీలం అయితే న్యూట్రల్. రంగును నమ్మి చేయి పెట్టొద్దు, టెస్టర్‌నే నమ్మండి. పాత ఇళ్లలో ఆ రోజు చేతికి ఏ రంగు అందితే అది లాగి ఉంటారు కూడా.

ప్లగ్గులో ఎర్తు వైరుని మిగతా రెండింటికన్నా ఒక అంగుళం పొడుగ్గా వదలండి. ఎవరైనా కార్డు లాగితే ఫేజు ముందు ఊడాలి, ఎర్తు ఆఖరున ఊడాలి. కార్డుని బిగించి పట్టే చిన్న పట్టీ కూడా ఉంటుంది. దాన్ని వదిలేయకండి.

ఏ సాకెట్టులో ఏది పెట్టాలి? వాట్లను 230తో భాగించండి, ఆంపియర్లు వస్తాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు ఆంపియర్లు దాటుతుంది. 1500 వాట్ల నీళ్లు కాచే రాడ్డు ఆరున్నర. 2000 వాట్ల గీజరు దాదాపు తొమ్మిది. అంటే రాడ్డు, గీజరు 6 ఆంపియర్ల చిన్న సాకెట్టువి కావు, 16 ఆంపియర్ల పెద్దదానివి. చిన్న సాకెట్టుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి దాంట్లో రాడ్డు పెడితే లెక్క మారదు. వైరు కూడా అంతే. లైట్లకూ ఫ్యాన్లకూ 1.5 చదరపు మిల్లీమీటర్లు, పవర్ సాకెట్లకు 2.5, ఏసీకి, గీజరుకి 4. కొనేటప్పుడు వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె చూడండి. ఆ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. చీరాలకో చిలకలూరిపేటకో వెళ్లినప్పుడు "అదే కంపెనీదండీ, కొంచెం తక్కువ రేటు" అన్న మాటకు పడిపోకండి.

ఎంసీబీ ఉంది కదా, ఇంకేం భయం?

భయపడాల్సింది ఇక్కడే. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషిని కాదు. ఈ లెక్క చూడండి.

తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు సుమారు 40 మిల్లీఆంపియర్లు. అంత కరెంటు గుండె మీదుగా పోతే మనిషి ప్రాణం పోవచ్చు. మీ ఎంసీబీ 16 ఆంపియర్లు దాటితే గానీ పడదు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీఆంపియర్లు. ఇంట్లో మనిషి షాక్ కొట్టి గిలగిల్లాడుతున్నా ఎంసీబీకి అదొక చిన్న బల్బు వెలుగుతున్నట్టే.

"మాకు ఎర్తు ఉంది" అంటారా? ఎర్తు నేలలోకి కరెంటుని బాగా పోనిస్తేనే ఎంసీబీ పడుతుంది. మీ ఎర్తు నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. కూలరు లోపల ఫేజు వైరు ఒరుసుకుని ఇనుప ఒంటికి తగిలింది. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. కూలరు ఒంటి మీద ప్రాణాంతకమైన వోల్టేజీ అలాగే నిలుస్తుంది. ఎండాకాలంలో తడిచేత్తో, చెప్పుల్లేని కాళ్లతో ఇనుప కూలరులో నీళ్లు పోస్తూ మనుషులు పోతున్నది ఇలాంటి లోపాల వల్లే.

దీనికి మందు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా సరఫరా ఆపేస్తుంది. ఐఎస్ 12640 గుర్తున్న, 30 మిల్లీఆంపియర్లదే పెట్టించండి. 100, 300 మిల్లీఆంపియర్లవీ అమ్ముతారు, అవి మనుషుల కోసం కాదు. దాని మీద టెస్ట్ అనే చిన్న మీట ఉంటుంది. మూడు నెలలకోసారి నొక్కండి. టప్‌మని పడాలి. పడకపోతే అది పోయింది, మార్పించండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఆర్‌సీసీబీ కూడా ఏమీ చేయలేదు. అందుకే పైన చెప్పిన ఆరూ చేయాల్సిందే.

వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే విసుగొచ్చి దాన్ని తీయించి నేరుగా కలిపించుకుంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. వెతకడం కష్టం కాదు. ప్లగ్గులన్నీ పీకేయండి. ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ పోండి. దేన్ని ఎత్తగానే పడిందో లోపం ఆ లైనులో ఉంది. ఏదీ పడకపోతే ప్లగ్గులు ఒక్కోటీ పెట్టుకుంటూ రండి. కారేది ఫ్రిజ్జో మోటారో వాషింగ్ మెషినో బయటపడుతుంది. ఎంసీబీలన్నీ దించినా పడుతూనే ఉంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్తుకి తగులుతోంది. అది ఎలక్ట్రీషియన్ పని. మీరు ఇంతవరకూ తేల్చి చెబితే అతని పని సగం తగ్గుతుంది.

నల్లరేగడిలో ఎర్తు

మనవైపు ఇంటి వైరింగులో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఎర్తు గుంత. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి సుమారు రెండున్నర మీటర్ల పైపు పాతుతారు. ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్లుండరు. పైన గచ్చు చేసేస్తారు, పూలకుండీ పెట్టేస్తారు.

నల్లరేగడి నేల తడిగా ఉన్నప్పుడు ఎర్తుకి చాలా మంచిది. తేమ పట్టి ఉంచుతుంది, కరెంటుని బాగా తీసుకుంటుంది. కానీ ఎండాకాలం వచ్చేసరికి ఏమవుతుంది? మీ చేనులో చూస్తూనే ఉన్నారు కదా. చేయి పట్టేంత నెర్రెలు. అదే మట్టి మీ ఎర్తు పైపు చుట్టూ కూడా ఎండి, కుంచించుకుపోయి, పైపుని వదిలేస్తుంది. పైపుకీ మట్టికీ మధ్య ఖాళీ ఏర్పడితే నిరోధం ఎక్కడికో పోతుంది. అంటే కూలర్లు, నీళ్ల మోటార్లు తడి చేతులతో ఎక్కువగా వాడే ఏప్రిల్, మే నెలల్లోనే మీ ఎర్తు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది.

ఏం చేయాలి? గుంత ఎక్కడుందో కనుక్కోండి. గచ్చు కింద పడి ఉంటే పైకి తెప్పించి చిన్న మూత పెట్టించండి. మార్చి నుంచి వానలు పడేదాకా వారం వారం ఒక బిందె నీళ్లు మెల్లగా పోయండి. పోసిన నీళ్లు పైపు వెంట ఉన్న నెర్రెలోకి బుడబుడా దిగిపోతే ఖాళీ ఉందన్నమాట. మట్టి ఉబ్బి మూసుకునేదాకా పోస్తూ ఉండాలి. పైపుకి తీగ బిగించిన నట్టు చూడండి. ఉప్పు వల్ల తుప్పు పట్టి తీగ పొడిపొడిగా రాలుతుంటే ఎర్తు ఉన్నా లేనట్టే. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు గుంతని గోడకి మీటరున్నర అవతల, స్నానాల గది నీళ్లు చేరే వైపు పెట్టించండి. ఎర్తు టెస్టర్‌తో నిరోధం కొలిపించండి, వానాకాలంలో కాదు, మే నెలలో. ఐదు ఓముల లోపు వస్తే సంతోషం.

ఈ నేల ఉబ్బి కుంగే గుణం వల్ల గోడలకి బీటలు వస్తాయని మీకు తెలుసు. ఆ బీట మీ స్విచ్ బోర్డు మీదుగా పోతోందా? లోపల పైపు జాయింటు విడిపోయి వైరు ఒరుసుకుంటూ ఉండొచ్చు. వాన పడ్డప్పుడు ఆ గోడ ముట్టుకుంటే జివ్వుమంటే సున్నం కొట్టి కప్పేయకండి. ఆ లైను ఎంసీబీ దించి ఉంచండి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా.

పత్తి ఇంట్లో, మిర్చి కల్లంలో

ధర వస్తుందని పత్తిని ఇంట్లో ఒక గదినిండా పోసుకునే ఇళ్లు మనవైపు ఎన్నో ఉన్నాయి. ఆ గదిలో కరెంటు సంగతి ఎప్పుడైనా చూశారా?

1. పత్తి పోసే ముందే ఆ గది సాకెట్లు, స్విచ్‌ల స్క్రూలు బిగించండి. నిప్పురవ్వ చాలు, ఆరు నెలల కష్టం గంటలో బూడిదవుతుంది.
2. కుప్ప బోర్డుకి మూడడుగుల దూరంలో ఆగాలి. బోర్డు కప్పుకుపోయేలా పోయకండి.
3. హోల్డరు నుంచి వేలాడే బల్బు వద్దు. పాత ట్యూబులైటు చోకులు వేడెక్కుతాయి, వాటి మీద పత్తి నూగు పేరుకుంటుంది. ఎల్ఈడీ బల్బు గోడకి బిగించండి.
4. పత్తి మీద సెల్‌ఫోన్ చార్జింగ్, పత్తి కింద నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు, ఈ రెండూ అస్సలు వద్దు.
5. రాత్రి పడుకునే ముందు ఆ గది ఎంసీబీ దించేయండి.

మిర్చి కల్లం ఇంకా ప్రమాదం. కాయ ఆరబోసుకుని రాత్రిళ్లు కాపలా పడుకుంటారు. వెలుగు కావాలి. ఇంట్లో మిగిలిన తుక్కు వైర్లు నాలుగైదు ముక్కలు ముడివేసి, టేపు చుట్టి, నేల మీద పట్టాల పక్కనుంచి లాగుతారు. మంచు కురుస్తుంది, టేపు తడుస్తుంది, తెల్లారుజామున కాయ తిరగేయడానికి వచ్చిన ఆడకూలీ చెప్పుల్లేకుండా దాని మీద కాలు వేస్తుంది. ఇంకొందరు ఒక్క ఫేజు మాత్రమే తెచ్చి, ఇనుప కడ్డీ నేలలో పాతి, దాన్నే న్యూట్రల్‌గా వాడుకుంటారు. బల్బు సరిగా వెలగకపోతే కడ్డీ దగ్గర నీళ్లు పోస్తారు. ఆ కడ్డీ చుట్టూ నేలంతా వోల్టేజీ పాకి ఉంటుంది. గేదె అటు నడిచినా పోతుంది. ఇది లైసెన్సు ఉన్నా లేకున్నా ఎవరూ చేయకూడని పని.

మరి వెలుగు ఎట్టా? చార్జింగ్ ఎల్ఈడీ లైటు కొనుక్కోండి, లేదంటే చిన్న సోలార్ లైటు. టిక్కీలు (మిర్చి బస్తాలు) నింపేనాటికి దాని ఖరీదు మీకు గుర్తు కూడా ఉండదు. కరెంటే కావాలంటే జాయింట్లు లేని ఒకే పొడవు మూడు పోగుల కేబులు, ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్టు నుంచి, కర్ర గుంజల మీద మనిషి తలకి బాగా పైన. ట్రాక్టరు లోడు తగలనంత ఎత్తు ఉందో లేదో కూడా చూసుకోండి.

బట్టలు ఆరేసే తీగ

ఇనుప తీగ దండెం ఇప్పుడే తీసేయండి. ఈ అధ్యాయంలో మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరుకి ఆధారంగా ఒక ఇనుప తీగ ఉంటుంది. ఎండకీ గాలికీ వైరు తోలు ఊడి ఆ తీగకి తగులుతుంది. అక్కడి నుంచి రేకుల షెడ్డుకి, షెడ్డు గుంజకి, గుంజకి కట్టిన దండేనికి కరెంటు వస్తుంది. తడి బట్ట పట్టుకుని చెయ్యెత్తిన తల్లి అక్కడే పడిపోతుంది. ఆమెను పట్టుకున్న కూతురు కూడా. నైలాను తాడు కట్టండి. సర్వీసు వైరు ఎక్కడైనా రేకుకి, గోడకి, చెట్టుకొమ్మకి ఒరుసుకుంటుంటే మీరు నిచ్చెన వేయకుండా 1912కి చెప్పండి.

తుపాను తర్వాత కూడా ఇంతే జాగ్రత్త. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, ఆ గాలివాన మనం చూశాం. ఇల్లు తడిసినప్పుడు కరెంటు వచ్చింది కదా అని మెయిన్ ఎత్తకండి. బోర్డుల మూతలు విప్పించి, ఆరనిచ్చి, ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ చూసుకోవాలి. తడిసిన మిక్సీ, మోటారు, కూలరు ఎండలో ఆరబెట్టాక కూడా పరీక్ష చేయించే వాడాలి. తెగిపడిన తీగ చచ్చిందో బతికుందో మీరు తేల్చకండి. దూరంగా ఉండి, పిల్లల్నీ గొడ్లనీ ఆపండి.

ఎవరికైనా షాక్ కొడితే

ముట్టుకోకండి. ముందు మెయిన్ దించండి. మెయిన్ దూరమైతే పొడి చెక్క పీట మీద నిలబడి పొడి కర్రతో వైరుని తప్పించండి. ఇది ఇంటి కరెంటు వరకే. వీధిలో పైన పోయే 11 వేల వోల్టుల తీగ అయితే కర్ర కూడా కాపాడదు, లైను ఆపించేదాకా దగ్గరికి వెళ్లొద్దు.

మనిషి విడిపడ్డాక ఊపిరి చూడండి. లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కాలి. సుమారు రెండంగుళాలు కుంగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఇసుకలో పాతిపెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు, వాటితో పోయేది విలువైన సమయమే.

కాసేపటికి లేచి కూర్చుని "ఏం కాలేదులే, వదిలెయ్యండి" అని ఆ మనిషే అన్నా సరే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.